యాప్ చూపే మైలేజీ 20.9, బంకు లెక్క 17.8: తేడా ఎక్కడ వస్తోంది?

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | మార్చి 2, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను హనుమకొండ నుంచి జనగామకు రోజూ కారులో ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. రానుపోను 110 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు. కారు 2018లో కొన్నది, 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. డాష్‌బోర్డులో మైలేజీ చూపే ఏర్పాటు లేదు కాబట్టి, స్టీరింగు కింద ఉండే, ఇంజిన్ కంప్యూటర్ సమాచారం అందించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్ కొని, ఫోన్‌లో యాప్ వేసుకుని, ప్రతి క్షణం ఎంత పెట్రోలు పోతోందో చూడడం మొదలుపెట్టాను. అంకె కళ్ల ముందు కనబడితే కాలు దానంతట అదే అదుపులోకి వస్తుందని నా ఆశ.

మూడు వారాలు గడిచాక లెక్క చూసుకుంటే ఒక చిక్కు వచ్చి పడింది. యాప్ సగటు లీటరుకు 20.9 కిలోమీటర్లు అంటోంది. అదే కాలంలో మూడుసార్లు ఫుల్ ట్యాంకు చేయించి వేసిన లెక్కలో 1,632 కిలోమీటర్లకు 91.7 లీటర్లు పట్టింది, అంటే 17.8 మాత్రమే. ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ తనంతట తాను ఆగిన చోటే ఆపించాను, ఆ పైన చుక్క కూడా పోయించలేదు. తేడా 17 శాతం పైగా ఉంది. ఇంత తేడా చూపే పరికరాన్ని నమ్మి నడిపే తీరు మార్చుకోవడం సమంజసమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పరకాల_డీజిల్ | మార్చి 2, రాత్రి 9:48

అన్నా, కంపెనీ వారు బిగించిన మీటరే నాకు ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర ఎక్కువ చూపుతుంది. మూడు నాలుగు వందల రూపాయల అడాప్టర్ నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తారు? ట్యాంకు లెక్క ఒక్కటే నిజం.

లెక్కల_సారు, కాజీపేట | మార్చి 3, ఉదయం 6:25

ట్యాంకు లెక్క నిజమే కానీ అది నెలాఖరున వచ్చే జీతం చీటీ లాంటిది. డబ్బు ఏ రోజు, ఏ దుకాణంలో ఖర్చయిందో అది చెప్పదు. యాప్ చెబుతుంది, కానీ దాని తూకం రాళ్లు ముందు సరిచేసుకోవాలి. అసలు ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

మీ కారులో పెట్రోలును నేరుగా కొలిచే సాధనం ఏదీ లేదు. యాప్ కొలిచేది గాలిని. కొన్ని ఇంజిన్లలో లోపలికి వెళ్లే గాలిని తూచే మాఫ్ సెన్సర్ ఉంటుంది. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి అది ఉండదు. మానిఫోల్డ్‌లోని, అంటే సిలిండర్లకు గాలి చేర్చే గొట్టంలోని, పీడనాన్ని చూపే మ్యాప్ సెన్సర్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటాయి. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఆ పీడనం దగ్గర గాలి ఎంత చిక్కగా ఉంది అన్నవి తెలిస్తే, నిమిషానికి ఎంత బరువు గాలి సిలిండర్లలోకి పోయిందో వాయు సూత్రంతో లెక్క కట్టవచ్చు. ఒక ఉదాహరణ వేసి చూపుతాను.

ఇంజిన్ 1,197 సీసీ, 2,000 ఆర్పీఎం, మానిఫోల్డ్ పీడనం 40 కిలోపాస్కల్, గాలి 40 డిగ్రీలు, సిలిండర్ నిండే సామర్థ్యం 80 శాతం అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి సెకనుకు దాదాపు 16 లీటర్ల గాలి, దాని బరువు 7.1 గ్రాములు. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన గంటకు 2.35 లీటర్ల పెట్రోలు. బండి 60లో పోతుంటే లీటరుకు 25.5 అని యాప్ చూపుతుంది.

ఈ లెక్కలో మీ కారుకు సరిపోని ఊహలు రెండున్నాయి. మొదటిది 14.7. అది ఇథనాల్ కలవని పెట్రోలుకు వర్తించే అంకె. ఇథనాల్‌కు ఆ నిష్పత్తి 9 మాత్రమే, ఎందుకంటే ఆ అణువులోనే ఆక్సిజన్ ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం మిశ్రమానికి అది 13.5 దగ్గర ఉంటుంది. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పడుతుంది. పై ఉదాహరణలో 14.7 తీసి 13.5 పెట్టి, సాంద్రతను లీటరుకు 740 గ్రాముల నుంచి 750కి మార్చితే గంటకు 2.53 లీటర్లు, లీటరుకు 23.7 కిలోమీటర్లు అవుతాయి. 7 శాతం పైచిలుకు ఇక్కడే తేలిపోయింది.

రెండవది ఆ 80 శాతం. దానిని ఎవరూ కొలవలేదు. యాప్ రాసినవారు అందరికీ సరిపోతుందని పెట్టిన అంకె అది. మీ యాప్‌లో ఎంత ఉందో చూసి చెప్పండి.

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | మార్చి 3, రాత్రి 8:30

సార్, సరిగ్గా 80 ఉంది. ఇంధన నిష్పత్తి 14.7 అనే ఉంది. నాకు ఇంకో అనుమానం కూడా ఉండేది. జీపీఎస్‌తో పోల్చితే నా కారు ఓడోమీటర్ 2 శాతం ఎక్కువ తిరుగుతోంది. 110 చూపిన చోట నిజానికి 107.8 మాత్రమే. తేడా అక్కడి నుంచి వచ్చిందేమో అనుకున్నాను.

లెక్కల_సారు, కాజీపేట | మార్చి 3, రాత్రి 9:05

అది వేరే తప్పు. దూరం విషయంలో యాప్ కూడా కారు చెప్పిన వేగాన్నే నమ్ముతుంది, ఓడోమీటర్ కూడా ఆ చక్రాలనే నమ్ముతుంది కాబట్టి రెండు అంకెలూ సమానంగా ఉబ్బుతాయి; వాటి మధ్య తేడాకు అది కారణం కాదు. మీ అసలు మైలేజీ 17.8 కూడా కాదు, 17.4 అని మాత్రం దాని అర్థం. బాధపడకండి, పోలికకు 17.8నే వాడుకోవచ్చు.

ఇథనాల్ సవరణ 1.074 రెట్లు. మీ మొత్తం తేడా 1.174 రెట్లు. మిగిలింది 1.093. దానిని 80తో గుణిస్తే 87.4 వస్తుంది. 80 బదులు అది, 14.7 బదులు 13.5 పెట్టి ఇంకో రెండు ట్యాంకులు చూడండి.

జమ్మికుంట_మెకానిక్ | మార్చి 4, మధ్యాహ్నం 2:15

సారు చెప్పిన దానికి ఒక మాట జోడిస్తాను. అదే యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన దాని ప్రకారం ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, తన పాత లెక్కకు ఎంత ఇంధనం కలుపుతోందో, ఎంత తీసేస్తోందో అది చూపుతుంది. 20 శాతం మిశ్రమం వచ్చాక మా షాపుకు వచ్చే పాత బండ్లలో అది ప్లస్ వైపు జరిగి ఉండడం నేను చూస్తున్నాను. మీది కూడా చూడండి. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ అని అనవసరంగా ఖర్చు పెట్టకముందే ఇది తెలిస్తే మంచిది. ఇంకొకటి, కారు రెండు మూడు రోజులు కదిలించని పక్షంలో ఆ అడాప్టర్‌ను సాకెట్ నుంచి తీసి ఉంచండి. ఇంజిన్ ఆపినా అలాంటి అడాప్టర్లలో చాలావాటికి కరెంటు అందుతూనే ఉంటుంది, బ్యాటరీ దిగిపోయి తోసుకునే అవస్థ వస్తుంది.

నర్సంపేట_బండి | మార్చి 4, సాయంత్రం 6:40

కార్బురేటర్ ఉన్న పాత బైకుకు ఇలాంటి సౌకర్యం ఏదైనా ఉందా? నాది 2012 మోడల్.

జమ్మికుంట_మెకానిక్ | మార్చి 4, రాత్రి 7:20

కంప్యూటర్ లేని బండికి కంప్యూటర్ లెక్క రాదు తమ్ముడూ. మాకు తెలిసిన పద్ధతి సీసా పద్ధతే. ట్యాంకు పైపు తీసి, గీతలున్న 100 మిల్లీలీటర్ల సీసాను హ్యాండిల్‌కు వేలాడదీసి, దాని పైపును కార్బురేటర్‌కు కలిపి, బండి ఆగేదాకా నడపాలి. 6.2 కిలోమీటర్లు వస్తే లీటరుకు 62. ఒకే రోడ్డు మీద పోను ఒకసారి, రాను ఒకసారి చేయాలి. పైపు గట్టిగా బిగుసుకుందో లేదో చూసుకోవాలి. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మీరే చేయకండి, మెకానిక్ దగ్గర చేయించండి.

పరకాల_డీజిల్ | మార్చి 5, ఉదయం 7:50

సారు లెక్క చదివాక నా నోటి దురుసుకు నాకే సిగ్గేసింది. అదే లెక్క నా డీజిల్ బండికి పనిచేస్తుందా? భూపాలపల్లి దాకా వారానికి నాలుగుసార్లు తిరుగుతాను. యాప్ పెడితే లీటరుకు 7 అని చూపిస్తోంది, ట్యాంకు లెక్క 14 వస్తోంది.

లెక్కల_సారు, కాజీపేట | మార్చి 5, ఉదయం 8:30

పనిచేయదు. పెట్రోల్ ఇంజిన్ గాలికి తగినంత ఇంధనమే పోస్తుంది కాబట్టి గాలిని కొలిస్తే ఇంధనం తెలుస్తుంది. డీజిల్ ఇంజిన్ గాలిని నిండా పీల్చుకుని, అవసరమైనంత డీజిల్ మాత్రమే చల్లుతుంది. తేలికగా పోతున్నప్పుడు గాలి అవసరానికి రెండు మూడు రెట్లు ఎక్కువ ఉంటుంది. ఆ గాలంతా డీజిల్‌తో మండిందని యాప్ అనుకుంటే మీకు 7 చూపడంలో ఆశ్చర్యం లేదు. మీ ఈసీయూ ఇంధన ప్రవాహాన్ని నేరుగా, గంటకు లీటర్లలో, ప్రకటించే రకమైతే యాప్‌లో దానిని ఎంచుకోండి. అది లేకపోతే డాష్‌బోర్డు మీటరే మీకు మేలు. అది ఇంజెక్టర్ తెరుచుకున్న కాలాన్ని బట్టి లెక్క వేస్తుంది. ఎప్పుడూ ఒకే శాతం ఎక్కువ చూపితే పోలికకు నష్టం లేదు.

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | మార్చి 12, రాత్రి 9:30

సవరణలు పెట్టాక యాప్, ట్యాంకు రెండూ దగ్గర పడ్డాయి. ఈ ట్యాంకుకు యాప్ 18.1, బంకు 17.9. సారుకు కృతజ్ఞతలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోన్ తెరను కిలోమీటర్ల బదులు గంటకు లీటర్లకు మార్చి చూస్తే ఒక సంగతి బయటపడింది. రఘునాథపల్లి దాటాక రోడ్డు కొద్దిగా దిగుడు ఉన్నచోట ఐదో గేరులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే 1.6 లీటర్లు చూపుతోంది. అదే చోట న్యూట్రల్‌కు వేస్తే 0.7కు పడిపోతోంది. అంటే దిగుడులో, సిగ్నల్ ముందు, టోల్ గేటు ముందు న్యూట్రల్‌కు వేయడమే లాభం కదా? వారం రోజులుగా అలాగే చేస్తున్నాను.

నిర్మల్_ఘాట్ | మార్చి 12, రాత్రి 10:05

అన్నా, దయచేసి ఆ అలవాటు వెంటనే మానండి. మా నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగి, బ్రేకులు కాలి పొగలు వచ్చిన బండ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. గేరులో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజిన్ ఆపి జారేవారైతే ఇంకా ప్రమాదం: రెండు మూడు తొక్కుళ్లకు బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగు బిగుస్తుంది, తాళం చెవి పొరపాటున ఇంకొంచెం తిప్పితే స్టీరింగు లాకే పడుతుంది.

జమ్మికుంట_మెకానిక్ | మార్చి 13, ఉదయం 10:20

భద్రత సంగతి అన్న చెప్పారు. ఇక్కడ యాప్ చెప్పిన మాటే అబద్ధం. గేరులో ఉండి కాలు పూర్తిగా తీసినప్పుడు, ఇంజిన్ వేడెక్కి ఉండి చుట్లు సుమారు 1,300 పైన ఉంటే, ఈసీయూ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. పెట్రోలు సున్నా. మీ యాప్ మాత్రం గాలిని చూసి లెక్క వేస్తుంది. సిలిండర్లు ఇంకా గాలి పీలుస్తూనే ఉంటాయి, మానిఫోల్డ్‌లో 25 కిలోపాస్కల్ ఉంటుంది, కాబట్టి 1.6 లీటర్లు మండుతున్నట్టు అది ఊహించుకుంటుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తన ఊపిరి నిలబెట్టుకోవడానికి నిజంగానే 0.7 తాగుతుంది.

నా మాట నమ్మకండి, చూసి తెలుసుకోండి. పక్క సీటులో ఎవరినైనా కూర్చోబెట్టి, యాప్‌లో ముందు ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ పెట్టమనండి. మామూలుగా అది కిందికీ పైకీ ఊగుతుంటుంది. గేరులో కాలు తీసిన ఒకటి రెండు సెకన్లకు సున్నా దగ్గరకు పడి అక్కడే నిలబడుతుంది, ఎందుకంటే సైలెన్సర్‌లోకి వచ్చేది ఉత్త గాలి. ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్ అనే వరుసలో కూడా క్లోజ్డ్ లూప్ (ఆ సెన్సర్ చెప్పినట్టు ఇంధనం సరిచేయడం) పోయి ఓపెన్ లూప్ (దానిని పట్టించుకోకపోవడం) వస్తుంది. ఆ వరుసను చూసి సున్నా వేసుకునే యాప్‌లు ఉన్నాయి; మీ యాప్‌లో ఆ ఎంపిక ఉందేమో వెతకండి.

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | మార్చి 14, రాత్రి 8:55

ఈరోజు మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. మీరు చెప్పినట్టే వోల్టేజీ 0.03కు పడి నిలబడింది, బండి నెమ్మదించి చుట్లు 1,300 దగ్గరకు రాగానే మళ్లీ ఊగడం మొదలైంది. వారం రోజులు ఒక తప్పుడు అంకెను నమ్మి, లాభం అనుకుని ప్రమాదకరమైన పని చేశాను. సెట్టింగుల లోపల ఆ ఎంపిక కూడా దొరికింది, పెట్టాను.

లెక్కల_సారు, కాజీపేట | మార్చి 15, ఉదయం 6:10

న్యాయం కోసం ఒక మాట. సమతలంలో న్యూట్రల్ వల్ల అసలేమీ లాభం లేదనడం కూడా సరికాదు. గేరులో ఇంజిన్ బండిని పట్టి ఆపుతుంది కాబట్టి బండి తక్కువ దూరం జారుతుంది. నా కారుతో 70 నుంచి 40కి పడేదాకా చూశాను: న్యూట్రల్‌లో 440 మీటర్లు, ఐదో గేరులో 250. న్యూట్రల్‌లో ఆ 29 సెకన్లకు 5.6 మిల్లీలీటర్లు ఖర్చు. గేరులో జారేవాడు మిగతా 190 మీటర్లు ముందుగా యాక్సిలరేటర్ తొక్కుతూ నడపాలి, దానికి దాదాపు 9 మిల్లీలీటర్లు. తేడా 3 మిల్లీలీటర్లు. ఒక చెంచా నిండా కూడా కాదు. దానికోసం, అకస్మాత్తుగా గేదె అడ్డం వచ్చినప్పుడు చేతిలో గేరు లేకుండా ఉండడం తెలివైన బేరం కాదని నా అభిప్రాయం. దిగుడులో అయితే ఆ 3 మిల్లీలీటర్లు కూడా రావు, గేరుదే పైచేయి.

పాత_స్టీరింగు, వరంగల్ | మార్చి 16, మధ్యాహ్నం 3:30

నేను ఆర్టీసీలో 31 సంవత్సరాలు బస్సు నడిపి పదవీ విరమణ చేసినవాడిని. మీ చర్చ మొదటి నుంచి చదివాను. ఈ సెన్సర్లు నాకు తెలియవు కానీ కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, అనే మాట మాకు అన్నం పెట్టిన మాట. డిపోలో డ్రైవర్ల పేర్ల ఎదురుగా ఎవరి బస్సు లీటరుకు ఎంత ఇచ్చిందో బోర్డు మీద రాసేవారు. ఐదు దాటితే గౌరవం, తగ్గితే మందలింపు. లీటరుకు కిలోమీటరులో పదో వంతు తేడా మీద కూడా మాకు పెద్ద పోటీ ఉండేది.

మా బస్సులో మీటరు లేదు. పాదానికీ చెవికీ తెలిసేది. మంచి కేఎంపీఎల్ తెచ్చే డ్రైవరును ఎక్కడ గుర్తుపట్టవచ్చంటే, వేగం ఎక్కించేటప్పుడు కాదు, స్టేజీ వచ్చేటప్పుడు. చేయి ఊపే ప్రయాణికుడు కనిపించగానే కాలు తీసేవాడికి బ్రేకుతో పెద్దగా పని ఉండదు. స్టేజీ దాకా కాలు మీద వచ్చి అక్కడ తొక్కేవాడు, తాగించిన డీజిలునంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మార్చి పారేసినట్టే. మీ తెరలో బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో చూపే అంకె ఉంటే, మైలేజీ కన్నా ముందు దానిని చూడండి.

హుజూరాబాద్_టీచర్ | మార్చి 16, రాత్రి 9:15

పెద్దాయన చెప్పినది నా లెక్కలో కూడా తేలింది కాబట్టి రాస్తున్నాను. నేను హుజూరాబాద్ నుంచి ఎల్కతుర్తి మీదుగా హనుమకొండకు కారులో వచ్చి వెళ్తాను. మొదట్లో నేనూ ఫోన్‌ను ఎదురుగా తగిలించుకుని క్షణక్షణం అంకె చూసేదాన్ని. దానివల్ల రెండు నష్టాలు జరిగాయి. ఒకటి, కళ్లు రోడ్డు మీద ఉండవలసినప్పుడు తెర మీద ఉన్నాయి. రెండవది, వేగం ఎక్కించేటప్పుడు అంకె 6, 5 అని పడిపోవడం చూసి భయపడి, ఎప్పటికీ 60 చేరుకోనంత మెల్లగా కాలు వేసేదాన్ని. వెనుక లారీలు హారన్లు కొట్టేవి, మైలేజీ మాత్రం పెరగలేదు.

అందుకే ఒక నెల ఫోన్‌ను డ్యాష్‌బోర్డు సొరుగులో పెట్టి రికార్డు మాత్రమే చేయించి, ఇంటికి వచ్చాక గ్రాఫు చూడడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది: వేగం ఎక్కించిన చోట పోయిన పెట్రోలు వృథా కాదు, అది బండిలో వేగంగా దాచుకున్న పెట్రోలు. దానిని బ్రేకు తొక్కి పోగొట్టిన చోటే వృథా. నా గ్రాఫులో అలాంటి చోట్లు రోజూ అవే: ఎల్కతుర్తి కూడలి, ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు, కేయూ క్రాస్ రోడ్డు. ఇప్పుడు ఆ చోట్ల కాలు ఎక్కడ తీయాలో నాకు గుర్తులున్నాయి.

లెక్కల_సారు, కాజీపేట | మార్చి 17, ఉదయం 6:20

మేడం గమనించిన దానికి ఇంజిన్ వైపు నుంచి కారణం ఉంది. పెట్రోల్ ఇంజిన్ కాలు తక్కువగా వేసినప్పుడు సన్నని సందు గుండా గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి ఖర్చు పెడుతుంది, ముక్కు మూసుకుని పరుగెత్తినట్టు. చుట్లు తక్కువగా ఉంచి, 2,000 దగ్గర పై గేరుకు మార్చుతూ, కాలు సగానికి కొంచెం పైన వేసి త్వరగా వేగం అందుకోవడం, భయపడుతూ ఎక్కించడం కన్నా మెరుగ్గా ఉంటుంది. పూర్తిగా నేలకు తొక్కకూడదు. అప్పుడు ఈసీయూ అదనంగా ఇంధనం పోస్తుంది.

సగటు తీసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటి కూడా చెప్పి ఊరుకుంటాను. ములుగు పోయేటప్పుడు 15, వచ్చేటప్పుడు 25 వస్తే సగటు 20 కాదు, 18.75. దూరాలు కలిపి, లీటర్లు కలిపి, అప్పుడు భాగించాలి. క్షణక్షణం కిలోమీటర్ల అంకెను కళ్లతో సగటు చేసుకునేవారు ఎప్పుడూ తమను తాము పొగుడుకుంటారు, ఎందుకంటే జారేటప్పుడు తెర మీద 99 కనిపిస్తుంది. గంటకు లీటర్లు చూస్తే ఆ మోసం ఉండదు.

నర్సంపేట_బండి | మార్చి 17, మధ్యాహ్నం 1:00

ఇంత కష్టపడితే నెలకు ఎన్ని పైసలు మిగులుతాయి అన్నది ఎవరూ చెప్పడం లేదు.

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | ఏప్రిల్ 27, రాత్రి 9:40

ఆలస్యానికి క్షమించండి. ఆరు వారాలు గడిచాక రాద్దామని ఆగాను.

ముందు వేగం పరీక్ష. ఒక ఆదివారం ఉదయం, గాలి లేనప్పుడు, జాతీయ రహదారి 163 మీద రఘునాథపల్లి, జనగామ మధ్య ఒకే ముక్కను రెండు దిశలలోనూ నడిపి, లీటర్లు కలిపి భాగించాను. ఏసీ ఆపి, అద్దాలు మూసి. 60లో 23.2, 80లో 20.4, 100లో 16.9 వచ్చాయి. నేను ఇన్నాళ్లూ 95, 100 మధ్య నడిపేవాడిని. 55 కిలోమీటర్ల దూరానికి 100కు బదులు 80లో పోతే లెక్కకు 8 నిమిషాలు ఎక్కువ పట్టాలి. నిజానికి కాజీపేట, మడికొండ రద్దీ వల్ల 5 నిమిషాలు కూడా ఎక్కువ పట్టడం లేదు.

ఆ తర్వాత టీచర్ మేడం చెప్పినట్టు ఫోన్ సొరుగులోకి పోయింది. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఏసీతో గంటకు 1.1 లీటర్లు తాగుతుందని చూశాక, ఒక నిమిషం దాటి ఆగవలసిన చోట ఆపేస్తున్నాను. టైర్లలో గాలి వారానికి ఒకసారి, తెల్లవారుజామున, బండి కదలకముందు ఇంట్లోనే చూస్తున్నాను. ఎండలో బంకు దాకా పోయాక చూస్తే వేడికి ఎక్కువ చూపి మనల్ని మోసం చేస్తుంది.

మూడు ఫుల్ ట్యాంకుల లెక్క: 1,705 కిలోమీటర్లు, 87 లీటర్లు, అంటే 19.6. యాప్ 19.9 అంది. నర్సంపేట తమ్ముడికి జవాబు: నెలకు 2,640 కిలోమీటర్లకు 13 లీటర్లకు పైగా మిగిలింది, లీటరు 107 రూపాయల లెక్కన దాదాపు 1,450 రూపాయలు. అడాప్టర్ ఖరీదు మొదటి పది రోజుల్లోనే వచ్చేసింది.

లెక్కల_సారు, కాజీపేట | ఏప్రిల్ 28, ఉదయం 6:15

మార్చి మొదట్లో మీరు ఏసీ తక్కువ వాడి ఉంటారు, ఏప్రిల్‌లో మన ఎండలకు వాడక తప్పదు. కాబట్టి మీ పాదం సాధించినది 17.8 నుంచి 19.6కు పెరగడం కన్నా కొంచెం ఎక్కువే. వానాకాలంలో ఇంకోసారి లెక్క పెట్టండి.

పాత_స్టీరింగు, వరంగల్ | ఏప్రిల్ 28, సాయంత్రం 5:50

బాబూ, అంకెలు బాగున్నాయి. ఒక్కటి అడుగుతాను. ఇంటికి వచ్చేటప్పుడు మడికొండ తర్వాత కాజీపేట వైపు రద్దీ మొదలవుతుంది కదా, అక్కడికి కాలు ఎక్కడ తీస్తున్నారు?

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | ఏప్రిల్ 28, రాత్రి 8:45

మొదట్లో ముందు బండి బ్రేకు లైటు వెలిగాక తీసేవాడిని. ఇప్పుడు ఎడమ పక్కన ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద పంక్చర్ షాపు ఉన్నాయి, అక్కడ తీస్తున్నాను. చాలా రోజులు బ్రేకు ముట్టకుండానే రద్దీలో కలుస్తున్నాను.

పాత_స్టీరింగు, వరంగల్ | ఏప్రిల్ 28, రాత్రి 9:00

ఆ చెట్టుకు రెండు కరెంటు స్తంభాల ముందు తీసి చూడండి. వెనుక బండి దగ్గరగా లేనప్పుడు మాత్రమే.

హనుమకొండ_హ్యాచ్‌బ్యాక్ | ఏప్రిల్ 30, రాత్రి 9:20

రెండు రోజులు చూశాను. రెండు స్తంభాలు ముందైతే మూడో గేరుకు దిగవలసి వస్తోంది, వెనుకవారు విసుక్కుంటున్నారు. ఒక స్తంభం దగ్గర సరిపోయింది.